పేరు అన్నయ్యది, ఫలం చెల్లెలిది

చేవెళ్ల లోక్‌సభ సభ్యులు గారికి,



శంషాబాద్ బస్టాండుకు దగ్గరలో ఒక చిన్న గదిలో కూర్చొని వకీలు పని చేసుకుంటున్నాను. భూమి తగాదాలు, భాగ పంపకాలు, దస్తావేజులు, వారంలో నాలుగు రోజులు కోర్టు. ఒక తల్లి నన్ను అడిగిన మాటకు నా దగ్గర సగం జవాబే ఉంది. మిగతా సగం పార్లమెంటులో దొరకాలి. అందుకే మీకు రాస్తున్నాను, నలుగురూ చదవాలని బహిరంగంగా రాస్తున్నాను.

కొన్నేళ్ల కింద ఆమె భర్తతో కలిసి వచ్చింది. విమానాశ్రయం కోసం భూములు పోయిన ఊళ్లలో వాళ్లది ఒకటి. పోయింది పోగా ఒక ఇల్లు, రోడ్డు పక్కన కొంత జాగా మిగిలాయి. కొడుకు జర్మనీలో ఇంజినీరు. కూతురికి ముప్పై దాటాయి కానీ బుద్ధి నాలుగేళ్ల పిల్ల దగ్గరే ఆగిపోయింది. స్నానం, అన్నం, మందులు అన్నీ తల్లి చేతి మీదే. ఆమె నా ఎదుట కూర్చొని ఒక్కటే చెప్పింది: "పిల్ల పేరు మీద రాస్తే ఎవడన్న వేలిముద్ర ఏయించుకొని పోతడు. పెద్దోని పేరు మీద రాస్తే వానికి రేపు ఏమన్నయితే దీని గతేంది సార్? పేరు వానిదే ఉండాలె. తినేది మాత్రం ఇది తినాలె."

1882 నాటి భారత ట్రస్టుల చట్టం మూడో సెక్షన్ చెప్పేది సరిగ్గా ఇదే. ఆస్తి ఒకరి పేరు మీద ఉంటుంది. ఆ యాజమాన్యానికి ఒక బాధ్యత అంటుకొని ఉంటుంది: దాని ఫలం ఇంకొకరికి అందాలి. పేరున్నవాడు ట్రస్టీ, ఫలం పొందేవారు లబ్ధిదారు. ఐదో సెక్షన్ అడిగినట్టు కాగితం రాశాం, సంతకాలు చేయించాం, శంషాబాద్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాం. కొడుకు ట్రస్టీ, చెల్లెలు లబ్ధిదారు.

తరువాత వాళ్లు జాగాలో కొంత అమ్మారు. పన్ను కట్టి, బ్యాంకు ద్వారా, నియమాల ప్రకారమే కొంత డబ్బు కొడుకుకు పంపారు. అతనూ నెలనెలా తన జీతంలోంచి చెల్లెలి కోసం కొంత కలుపుతూ వచ్చాడు. ట్రస్టు పేరు మీద ఖాతా తెరవమని అక్కడి ఒక బ్యాంకులో మా దస్తావేజు తర్జుమా చేయించి చూపించాడు. మీ దేశపు ట్రస్టు మా చట్టంలో లేదన్నారు. ఖాతా అతని సొంత పేరు మీద తెరిచారు. రెండేళ్ల కింద అతను గుండెపోటుతో పోయాడు.

జర్మనీ చట్టంలో మనిషి పోతే అతని ఆస్తి, అప్పు అంతా ఒక్క మూటగా వారసుల చేతికి వెళ్తుంది. ఆ మూటలో చెల్లెలి డబ్బు కూడా ఉంది. కోడలు మంచి మనిషి, ఇస్తాననే అంటుంది. కానీ పిల్లలు మైనర్లు. వాళ్ల వాటా తాకాలంటే కోర్టు అనుమతి కావాలి. పిల్లల ఆస్తిని కాపాడటం ఆ కోర్టు విధి, దాన్ని నేను తప్పు పట్టను. అయితే ఆ డబ్బు ఆ పిల్లల తండ్రిది కాదని చెప్పే కాగితం శంషాబాద్‌లో ఉంది, దాన్ని చదవగలిగే కన్ను అక్కడ లేదు.

ఎందుకు లేదో చెప్పాలంటే చట్టం పుట్టుక దాకా వెళ్లాలి. కాస్త ఓపిక పట్టండి.

మన కోర్టుల్లో క్రిమినల్ కానిదాన్ని సివిల్ అంటాం. న్యాయశాస్త్రంలో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. రోమన్ చట్టం నుంచి ఎదిగి, కోడ్‌గా రాసుకున్న దేశాల పద్ధతిని సివిల్ లా అంటారు. ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, నెదర్లాండ్స్, జపాన్ ఆ దారివి. ఇంగ్లండ్, దాని వెనక మనం, అమెరికా, ఆస్ట్రేలియా కామన్ లా దారివాళ్లం.

ట్రస్టు ఇంగ్లండ్‌లో పుట్టింది. అక్కడ శతాబ్దాల పాటు రెండు రకాల కోర్టులు పక్కపక్కనే నడిచాయి. ఒకటి కాగితం మీద పేరున్నవాణ్ని యజమాని అంది. రెండోది, ఛాన్సలర్ కోర్టు, అతని మనస్సాక్షిని పట్టుకొని నిలదీసింది: నీకిచ్చింది ఎవరికోసం? చివరికి ఒకే పొలానికి ఇద్దరు యజమానులు తేలారు, ఒకరు చట్టంలో, ఒకరు ధర్మంలో.

రోమన్ దారివాళ్లకు ఇది మింగుడు పడదు. వస్తువుకు యజమాని ఒక్కడే. ఆస్తి మీద ఎన్ని రకాల హక్కులుండాలో కోడ్ ముందే లెక్కగట్టి పెట్టింది, ఎవరికి వారు కొత్త రకం కల్పించుకోవడానికి లేదు. ఫ్రెంచి పండితులు ఇంకో మెట్టు ఎక్కి, ఒక మనిషికి ఒకటే ఆస్తి మూట ఉంటుందన్నారు. అప్పులిచ్చిన వాళ్లందరికీ ఆ మూట మొత్తం హామీ. అందులో ఒక ముడి విడిగా కట్టి, ఇది నాది కాదు, దీని జోలికి రావద్దు అంటే ఒప్పుకోరు. 1984లో జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు కూడా ఇంగ్లీషు తరహా ట్రస్టు తమ ఆస్తి చట్టం పునాదులతో పొసగదని చెప్పింది.

తెలుగువాళ్లకు ఆ పద్ధతి పూర్తిగా పరాయిదేమీ కాదు. యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది. 1819 జనవరి 6 నాటి ఉత్తర్వుతో ఫ్రెంచి కోడ్‌లు అక్కడికి వచ్చాయి, స్థానికులు తమ ఆచారాల ప్రకారమే నడుచుకోవచ్చని అందులోనే రాశారు. 1881లో, ఆ ఆచారాలు వదులుకొని ఫ్రెంచి సివిల్ చట్టం కిందికి వెళ్లదలచుకున్నవాళ్లకు తలుపు తీశారు. అంటే గోదావరి ఒడ్డున ఒకే వీధిలో రెండు రకాల ఆస్తి చట్టాలు కాపురం చేశాయి. ఇవాళ ఆ రెండూ కలిసేది యానాంలో కన్నా మన విమానాశ్రయంలోనే ఎక్కువ.

ఆ విమానాశ్రయం నుంచి 2024 జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా, 2025 సెప్టెంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌కు కేఎల్‌ఎం నేరుగా విమానాలు మొదలుపెట్టాయి. రెండూ సివిల్ లా దేశాలే. కానీ మా దస్తావేజు పట్టుకొని ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగినవాడి మాట చెల్లే అవకాశం ఉంది, ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగినవాడిది చెల్లదు. హేగ్ నగరంలో 1985 జులై 1న ట్రస్టుల గుర్తింపు మీద ఒక అంతర్జాతీయ ఒప్పందం తయారైంది, 1992లో అమల్లోకి వచ్చింది. నెదర్లాండ్స్, ఇటలీ, లక్సెంబర్గ్, స్విట్జర్లాండ్ అందులో చేరాయి. జర్మనీ చేరలేదు. ఫ్రాన్స్ సంతకం చేసింది కానీ ఆమోదించలేదు. మన దేశం చేరలేదు.

ఆ ఒప్పందం రెండో అధికరణంలో నన్ను ఆపి కూర్చోబెట్టిన సంగతి ఒకటుంది. ఇద్దరు యజమానులు ఉండాలని అందులో ఎక్కడా లేదు. ఆస్తి ట్రస్టీ పేరు మీద ఉండాలి, అతని సొంత ఆస్తిలో కలవకుండా విడిగా ఉండాలి, దాన్ని నడిపే అధికారం, లెక్క చెప్పే బాధ్యత అతనికి ఉండాలి. అంతే. అది చదివి మన మూడో సెక్షన్ చదివితే తోబుట్టువుల్లా కనిపిస్తాయి.

అది కాకతాళీయం కాదు. 1882 చట్టం ముసాయిదా రాసిన విట్లీ స్టోక్స్ ఇంగ్లీషు చట్టంలోని జంట యాజమాన్యాన్ని ఇక్కడికి తేలేదు. మన చట్టంలో యజమాని ట్రస్టీ ఒక్కడే. లబ్ధిదారుకు ఉన్నది ఆ యజమాని మీద హక్కు. 1957లో హోల్డ్స్‌వర్త్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చి చెప్పింది. జపాన్ 1922లో తన మొదటి ట్రస్టు చట్టం రాసుకునేటప్పుడు ఇంగ్లండ్ తీర్పుల గుట్టలోకి వెళ్లకుండా మన 1882 చట్టాన్నీ, కాలిఫోర్నియా సివిల్ కోడ్‌నూ ముందు పెట్టుకుంది. జర్మన్ కోడ్ బాటలో నడిచిన దేశం అది. జర్మన్ పద్ధతిలో ఇమిడే ట్రస్టు మన దగ్గర కనిపించింది దానికి. నూరేళ్ల కింద టోక్యోకు అర్థమైన మన చట్టాన్ని, ఆ జర్మన్ బ్యాంకు గుమాస్తా ఇంగ్లీషు ట్రస్టు అనుకొని తిప్పి పంపాడు. తప్పు అతనిది కాదు. అది వేరు, ఇది వేరు అని భారత ప్రభుత్వం తన ముద్రతో చెప్పిన కాగితం ఒక్కటీ అతని ముందు లేదు.

నిజానికి పేరు ఒకరిది, ఫలం ఒకరిది అనే సంగతిలో మన నేల ఎంత పండిందో మీకు తెలియంది కాదు. మీ నియోజకవర్గంలోనూ దాని అంచుల్లోనూ చూడండి. నర్కుడ దగ్గర అమ్మపల్లి రాముడి గుడి ఉంది. మన చట్టంలో దేవుడే ఆస్తికి యజమాని, కోర్టులో దావా వేయగల వ్యక్తి. అర్చకుడు గానీ ధర్మకర్త గానీ యజమాని కాడు. జర్మనీవాళ్లకు దీన్ని వివరించడం సులువు: ఆస్తికే వ్యక్తిత్వం ఇచ్చి నిలబెట్టే ఫౌండేషన్ పద్ధతి వాళ్ల కోడ్‌లోనూ ఉంది. అటు పహాడీ షరీఫ్ గుట్ట మీద బాబా షర్ఫుద్దీన్ దర్గా. వక్ఫ్ చేసిన ఆస్తి దేవుడి పేరిట నిలిచిపోతుంది, మనుషుల్లో దానికి యజమాని ఉండడు, ముతవల్లి నిర్వాహకుడే. కెనడాలో ఫ్రెంచి తరహా చట్టం నడిచే క్వెబెక్ 1994లో అమల్లోకి తెచ్చిన కొత్త సివిల్ కోడ్‌లో ట్రస్టు ఇంచుమించు అలాగే ఉంటుంది: ఆస్తి ఒక ఉద్దేశానికి అంకితం, దాత, ట్రస్టీ, లబ్ధిదారు ముగ్గురిలో ఎవరూ యజమాని కాదు. ఇక ముచ్చింతల్‌లో, 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజుల విగ్రహం వెనక ఉన్నది ట్రస్టు, జీయర్ ఎడ్యుకేషనల్ ట్రస్టు. 1921లో విద్యావారుతి తీర్థ కేసులో ప్రీవీ కౌన్సిల్, మఠాధిపతినీ ముతవల్లినీ ఇంగ్లీషు అర్థంలో ట్రస్టీలు అనలేమని చెప్పింది. మన దగ్గర ఒకటి కాదు, మూడు దారులున్నాయని ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

మన హైదరాబాద్ చరిత్రలోనే ఇంకో సంగతి ఉంది. 1948 సెప్టెంబరులో నిజాం ప్రభుత్వపు పది లక్షల పౌండ్ల పైచిలుకు డబ్బు లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతూలా పేరు మీద ఉన్న ఖాతాలోకి వెళ్లింది. పేరు ఆయనది. డబ్బు ఎవరిది? 71 ఏళ్లు వివాదం నలిగింది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు, ఆయన దాన్ని ఏడో నిజాం కోసం ట్రస్టీగా పట్టుకున్నాడని తేల్చింది. అప్పటికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. ఖాతా మీద పేరు చూసి ఆగిపోని కోర్టు దొరికింది కాబట్టి ఆ డబ్బు తిరిగొచ్చింది. నిజాముకు 71 ఏళ్లు ఎదురుచూసే వారసులూ వకీళ్లూ ఉన్నారు. మా ఊరి అమ్మాయికి తల్లి ఒక్కతే ఉంది, ఆమెకు 74 ఏళ్లు.

సివిల్ లా దేశాలన్నీ తలుపు మూసుకొని కూర్చున్నాయనడం న్యాయం కాదు. ఫ్రాన్స్ 2007 ఫిబ్రవరి 19న ఫిడ్యూసీ అనే తన పద్ధతి తెచ్చుకుంది. కానీ దాన్ని దానానికీ వారసత్వానికీ వాడితే చెల్లదని అందులోనే రాసింది. పిల్లల వాటా కోడ్‌లో ఖాయం చేసిన దేశం, దొడ్డిదారి తెరుచుకుంటుందని దాని భయం. వ్యాపారాలకు పనికొస్తుంది, మా తల్లికి పనికిరాదు. జర్మనీలోనూ ట్రాయ్‌హాండ్ అని ఒక ఒప్పందం ఉంది. మొదటి రోజే ఆ పద్ధతిలో, ఇది పరాయి డబ్బు అని బాహాటంగా చెప్పి ఖాతా తెరిచి ఉంటే చెల్లెలి సొమ్ము చాలావరకు నిలిచేదని ఇప్పుడు చదివి తెలుసుకున్నాను. అప్పుడు నాకు తెలియదు. ఆ కుటుంబానికి చెప్పేవాళ్లూ లేరు. ఆ బాధ నాకు ఉండిపోయింది.

నన్ను కదిలించింది ఇటలీ. దానికి సొంత ట్రస్టు చట్టం లేదు. హేగ్ ఒప్పందంలో చేరిన బలంతో, అక్కడి తల్లిదండ్రులు వేరే దేశపు చట్టాన్ని ఎంచుకొని ట్రస్టు రాసుకుంటున్నారు. 2016లో ఆ దేశం 112వ నంబరు చట్టం చేసింది. తీవ్రమైన వైకల్యం ఉన్న బిడ్డ కోసం ట్రస్టులో పెట్టిన ఆస్తికి వారసత్వ పన్ను, దాన పన్ను లేకుండా చేసింది. జనం ఆ చట్టాన్ని పిలిచే పేరు "దోపో ది నోయ్". తెలుగులో చెప్పాలంటే "మా తరువాత". నా గదిలో కుర్చీలో కూర్చొని ఆ తల్లి అన్న మాటే అది. ఆ మాటను రోమన్ చట్టం పుట్టిన దేశమే చట్టంగా రాసుకుంది.

ఇక మీతో పని చెబుతాను.

అన్నిటికన్నా తేలికైనది ముందు. ప్రైవేటు ట్రస్టుకు ఇవాళ దస్తావేజు తప్ప వేరే ఆధారం లేదు. ముప్పై పేజీల తెలుగు, ఇంగ్లీషు కాగితాన్ని పరాయి దేశపు గుమాస్తా చదవడు. రిజిస్ట్రేషన్ శాఖ ఒక్క పేజీ ధ్రువపత్రం ఇవ్వాలి: ఫలానా ఆస్తి ఫలానా వ్యక్తి పేరు మీద ఉంది, అతను ఏకైక యజమాని, కానీ ఇది అతని సొంత ఆస్తిలో భాగం కాదు, అతని అప్పులకూ వారసులకూ చెందదు, భారత చట్టం ఇది. దాన్ని ప్రభుత్వం ధ్రువీకరించి పంపించాలి. ట్రస్టులు, ట్రస్టీలు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితా పదో అంశం. రాష్ట్రం చేసుకున్నా అడ్డు లేదు, కేంద్రం చేస్తే దేశమంతటికీ పనికొస్తుంది.

రెండోది 1882 చట్టం సవరణ. 60వ సెక్షన్, విదేశంలో స్థిర నివాసం ఏర్పరచుకున్నవాడు ట్రస్టీగా తగడని అంటుంది. 73వ సెక్షన్ ప్రకారం ట్రస్టీ వరసగా ఆరు నెలలు దేశంలో లేకపోయినా, పై దేశంలో ఉండటానికి వెళ్లిపోయినా అతని స్థానంలో కొత్తవాణ్ని పెట్టవచ్చు. ఓడల కాలపు జాగ్రత్త అది, దానిలో అర్థముంది. కానీ ఇవాళ మన పల్లెల్లో నమ్మదగిన బిడ్డ ఎక్కడున్నాడంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో, డాలస్‌లో, మెల్‌బోర్న్‌లో. అతన్ని తీసేయడం కన్నా, ఇక్కడ ఉండే ఒక సహ ట్రస్టీని తప్పనిసరి చేయడం మేలు. అదే 60వ సెక్షన్‌లో, లబ్ధిదారు వ్యక్తిగత చట్టం ఒప్పుకోకపోతే పెళ్లైన స్త్రీ కూడా ట్రస్టీగా తగదనే మాట మైనర్ పక్కనే ఉంది. అన్న పోయాక ఆ అమ్మాయిని చూసుకుంటానని ముందుకొచ్చింది పెళ్లై ఇద్దరు పిల్లలున్న పిన్ని కూతురు. ఆ మాటను చట్టం నుంచి తీసేయించండి.

మూడోది హేగ్. మన దేశం హేగ్ న్యాయ సదస్సులో సభ్యత్వం పొందింది 2008 మార్చి 13న. మన విమానాశ్రయం ప్రారంభోత్సవం జరిగింది ఆ మరునాడు, మార్చి 14న. నాకు ఆ రెండు తేదీలు విడదీసి గుర్తుండవు. కాగితాల ధ్రువీకరణ, సమన్లు, సాక్ష్యాల ఒప్పందాల్లో మనం చేరాం. ట్రస్టుల ఒప్పందం మీద ప్రభుత్వం ఆలోచన ఏమిటో లోక్‌సభలో ఒక ప్రశ్న వేయండి. మనం చేరినంత మాత్రాన జర్మనీ కట్టుబడదు, ఆ ఆశ నేను ఎవరికీ పెట్టను. కానీ జర్మనీతో మనకు 2022 డిసెంబరులో వలసలు, రాకపోకల మీద ఒప్పందం కుదిరింది. మనవాళ్ల చదువూ కొలువూ మాట్లాడిన బల్ల మీదే, వాళ్లు ఇంటివాళ్ల కోసం పట్టుకున్న సొమ్ము సంగతీ మాట్లాడవచ్చు. అయితే ముందు మనం చేరాలి: తను ఒప్పుకోనిదాన్ని ఎదుటివాణ్ని ఒప్పుకోమనడం ఎవరికైనా కష్టమే.

ట్రస్టు అంటే నల్లడబ్బు దాచే గూడు కదా అని ఢిల్లీలో ఎవరో ఒకరు అంటారు. అలా వాడినవాళ్లు ఉన్నారు, శంషాబాద్ చుట్టుపక్కల భూముల ధర తెలిసిన నేను కాదనలేను. అందుకే ధ్రువపత్రం అడుగుతున్నాను. ఎవరి పేరు, ఎవరి ఫలం అన్నది ప్రభుత్వ రిజిస్టరులో రాసి ఉంటే దాక్కునే చోటు తగ్గుతుంది. 2016లో సవరించిన బినామీ చట్టం నిజమైన ట్రస్టీని బినామీ లెక్కలోంచి మినహాయించింది, ఆ తేడా చూసే కన్ను మన చట్టానికి ఉంది. హేగ్ ఒప్పందం 19వ అధికరణం పన్నుల అధికారాన్ని తాకదు, 15వ అధికరణం వారసుల తప్పనిసరి వాటాలను తాకదు. ఆ కోడలి పిల్లలకు వాళ్ల తండ్రి సొమ్ము పూర్తిగా దక్కాలి. మేం అడిగేది వాళ్ల తండ్రిది కానిదే.

ఆ తల్లి మొన్న మంగళవారం వచ్చింది. భర్త కూడా పోయిన సంవత్సరం పోయాడు. అసలు దస్తావేజు నా బీరువాలోనే ఉంచమంది, ఇంట్లో తను లేకపోతే ఎవరు తీస్తారోనని. మీ ఆఫీసు నుంచి కబురు వస్తే ఆ కాగితాన్నీ, జర్మనీ నుంచి వచ్చిన ఉత్తరాలనూ తీసుకొని, తల్లీకూతుళ్లిద్దర్నీ వెంటబెట్టుకొని వస్తాను. అమ్మాయికి లిఫ్టు అంటే భయం, మెట్లు ఎక్కలేదు. కింది అంతస్తులో కలిస్తే మాకు వీలుగా ఉంటుంది.

ఇట్లు,
మీ నియోజకవర్గపు ఓటరు, న్యాయవాది
శంషాబాద్